మేక పేరు రాసిన ఫ్లాస్కులు

సికింద్రాబాద్‌లో పశువుల టీకాల ల్యాబు. థీసిస్ రాస్తున్న హదస్సా, ముప్పయ్యేళ్ల సర్వీసున్న టెక్నీషియన్ జకర్యా.

“జకర్యా అంకుల్, ఆ ఫ్లాస్కులల్ల కణాలకు ఇంక మేత మీడియం పొయ్యకండి. అన్నిట్ల బ్లీచ్ పొయ్యాలె.”

“ఏందీ, పొద్దుపొద్దున్నే గిట్ల మాట్లాడ్తవ్ హదస్సా? జెర జరుగు. ఆకలి మీదున్నయ్ అవి.”

“టెస్ట్ రిపోర్టు వచ్చింది. అవి మేక కణాలు కావంట.”

“మీద మేక అని రాసున్నది కదా.”

“రాసింది మీరే కదా!”

“నేనే. ఈడ లేబుళ్లన్నీ నేనే రాస్త.”

“మనిషి కణాలంట అంకుల్! మూడేళ్లు వారం వారం వైరస్ వేసి, మేక కణం జబ్బునెట్ల తట్టుకుంటదో రాసుకున్న. థీసిస్ మొత్తం బర్బాద్. మీకు తెల్సా, తెల్వదా?”

“చాయ్ తాగినవా?”

“అంకుల్!”

“...ప్రిసిల్లావి. మా ఇంటామెవి.”

“ఆంటీవా? చనిపోయిన మన ఆంటీవా?”

“ఆపరేషన్ల తీసిన గడ్డ ముక్క. ఏ మందు పనిచేస్తదో చూద్దామని మన ల్యాబు పెద్ద ప్రేమమణి మేడమే పెంచనిచ్చింది. ప్రిసిల్లా పోయినంక పారబొయ్యమన్నది మేడమ్. ఆమెను బోయిగూడల సమాధి చేసి వచ్చిన. మళ్ల ఈడ సుత చెయ్యమంటే ఎట్ల చేస్త బిడ్డా? మేక అని రాసి పెట్టిన.”

“మరి నేను వైరస్ వేస్తుంటే చూసుకుంట నిలబడ్డరా?”

“పానం కొట్టుకునేది. నువ్వు పోయినంక మైక్రోస్కోపుల చూసేటోన్ని. దవాఖానల గడ్డతోని అలిసి, ఉత్త జ్వరానికే పోయింది. ఈడ మాత్రం ప్రతిసారి తట్టుకున్నది. మాట్లాడేటోన్ని సుత. పిచ్చోడనుకో.”

“నా మూడేళ్లు అంకుల్...”

“తప్పే. మేడమ్‌కు నేనే చెప్త, నౌకరీ పోతే పోనీ. ఒక్క ఫ్లాస్కు ఉంచు బిడ్డా. ఒక్కటే.”

“సాయంత్రం వరకు ఒక్కటి సుత ఉండొద్దన్నది మేడమ్.”

“అయితే ఆ రిపోర్టన్న ఇయ్యి. ఆమె ఇంకా ఉన్నదని చెప్పే కాయితం అదొక్కటే.”

“వద్దంకుల్.”

“ఎందుకు? ఇంగ్లీషు చదవొస్తది నాకు.”

“అందుకే వద్దంటున్న.”

“ఇటియ్యి బిడ్డా.”

“అంకుల్... వేరే కణాలు వచ్చి కలిసి, ఆంటీవి ఎన్నడు పోయినయో ఏమో. ఇందుల ఉన్నయి ఎవరో మగమనిషివి.”