అద్దె బండికి సంకల్పం

ముక్తేశ్వరంలో పురోహితుడైన తండ్రి, వియత్నాంలో మోటార్‌సైకిల్ మీద ఒంటరిగా తిరుగుతున్న కూతురు వీడియో కాల్‌లో మాట్లాడుకుంటున్నారు.

“ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టేవా?”

“ఆయ్, పెట్టేను. అయినా అద్దె బండికి పూజ ఎందుకు నాన్నగారూ?”

“బండి అద్దెదే గానీ, దానిమీద కూర్చున్నది నా సొంత కూతురు. సంకల్పంలో నువ్వున్న చోటు చెప్పాలి. ఏ నదుల మధ్య ఉన్నావు?”

“నదుల పేర్లు తెలీవండీ. ఎడమ పక్కన సముద్రం కనిపిస్తోంది.”

“ఆ దేశానికి సముద్రం ఏ దిక్కు?”

“తూర్పు.”

“మరి నువ్వు వెళ్ళేది?”

“ఉత్తరానికి, హనోయికి. పొద్దున్నించీ వంద కిలోమీటర్లు వచ్చేసేను.”

“తూర్పు ఎడమ చేతికి ఉంటే, నీ మొహం ఏ దిక్కున ఉన్నట్టమ్మా?”

ఆమె ఎడమ చెయ్యి సముద్రం వైపు చాపి, బండి ముందు చక్రం ఎటుందో చూసుకుంది.

“దక్షిణం… నాన్నగారూ, ఎవరికీ చెప్పకండి. మ్యాపు కూడా చూడకుండా దేశమంతా తిరిగొస్తానని ఊరందరికీ చెప్పి వచ్చేను.”

“చెప్పనులే. ముందు ఆ నిమ్మకాయ తీసి వెనక చక్రం కింద పెట్టు.”