సగటు జీతం

ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే యార్డు పక్క టీ బడ్డీలో, బోగీలు కడిగి వచ్చిన మేనమామ పేపరు మడిచాడు. గణాంకాల ఆఫీసులో పనిచేసే మేనల్లుడు ఆయన ముఖం చూడలేక గ్లాసులోకి చూస్తున్నాడు.

"రైల్వేవోళ్ల సగటు జీతం పెరిగిందని రాసినారు. మరి నాకు పెరగనేదేటి?"

"ఆ లెక్కలో ఇప్పుడు నువ్వు లేవు మావయ్యా. ఈ ఏడాది ఉద్యోగాల వర్గాలు మార్చినారు. కాంట్రాక్టు మీద బోగీలు కడిగేవోళ్లని పారిశుధ్యం పనుల్లో కలిపేసినారు."

"తక్కువ జీతపోళ్లం బయటికెళ్తే వోళ్ల సగటు పెరిగిందన్నమాట."

"అవును."

"మమ్మల్ని తీసినోడెవుడు?"

మేనల్లుడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఖరగ్‌పూర్‌ లెక్కలు నేనే మార్చినాను మావయ్యా. రూలు అలాగుంది."

మామ పేపరు చంకలో పెట్టుకుని లేచాడు.

"మీ అత్తకి మాత్రం సెప్పకు. ఇంకా రైల్వేవోడి పెళ్లాన్నే అనుకుంటంది."