కుండతో చెప్పిన మాట

అబ్బులు కరెంటు సైకిల్ కొన్నాడు. కొంటే కొన్నాడు, ఇంట్లో ఒక్క మాట చెప్పి కొనొచ్చు గదా, చెప్పలేదంట. వాళ్ళావిడ మంగతాయారు పూతరేకులు తీస్తది. మీకు తెలుసుగా, కుండ బోర్లించి కింద మంట పెట్టి, పిండినీళ్ళలో ముంచిన గుడ్డ అట్టా పరిచి ఇట్టా లాగితే ఉల్లిపొర లాంటి రేకు లేస్తది. ఈవిడ తీస్తే ఆ రేకులోంచి ఎదటి మనిషి మొహం కనపడేదంట. ఆవిడ తీస్తది, బెల్లం నెయ్యి వేసి చుడతది, ఈయన ఊరూరూ తిరిగి ఇచ్చొస్తాడు. పాత సైకిల్ తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయని కరెంటుది తెచ్చాడనుకో. ఆవిడ బయటికొచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, మురిసిపోయి, మరి నేనెక్కడ కూర్చోను మావా అందంట. అక్కడ కాస్త ఆలోచించి మాట్లాడాలా వద్దా? మన అబ్బులు ఏమన్నాడంటే, వెనకాల స్టాండు మీద రేకుల పెట్టె కూర్చుంటది గదే, నీకు చోటేదీ అన్నాడు.

ఇంకేముంది, మాటలు బంద్. బంద్ అంటే ఇంట్లో మాటలు లేక కాదు, ఆయనతో లేవు. చెప్పాల్సిందంతా కుండతో చెబుతదంట. కుండమ్మా, అన్నం వండాను, తినేవాళ్ళు తినొచ్చు. కుండమ్మా, నెయ్యి అయిపోయింది, తెచ్చేవాళ్ళుంటే తేవచ్చు. ఈయనేం తక్కువోడా, సైకిల్ బెల్లు కొట్టి జవాబిచ్చేవాడంట. ఒక టింగంటే సరే, రెండు టింగులంటే కుదరదు. నవ్వకండి, అయిదు రోజులు కాపరం అట్టాగే నడిచింది. పైకి బెల్లు కొడుతున్నాడు గానీ, ఆ 'మావా' అనే పిలుపు చెవిన పడక లోపల బెంగెట్టుకుపోయాడంట అబ్బులు. ఎట్టాగైనా ఆ పిలుపు మళ్ళీ వినాలి, ఆయనకి అదొక్కటే ధ్యాస.

ఆరో రోజు ఏమైందంటే, శ్రావణమాసం గదా, కాలవ అవతలి ఊళ్ళో ఒక పెళ్ళికూతురి సారెలోకి రెండొందల రేకులు ఇయ్యాలి. మధ్యాన్నానికి సారె బయల్దేరుతది. చూస్తే ఆకాశం నల్లగా దిగిపోయింది. రేకుల సంగతి తెలుసుగా, చినుకు పడక్కర్లేదు, తడిగాలి తగిలినా మెత్తబడి ముద్దయిపోతాయి. ఇంట్లో ఉన్నది ఒక్కటే వానకోటు. సైకిలుకేమో రెండు పెట్టెలు. వెనకాల స్టాండు మీద రేకుల పెట్టె, ముందు గొట్టానికి అతుక్కుని ఇటుకంత నల్లటి కరెంటు పెట్టె, అదే బ్యాటరీ. చినుకులకి దీనికేం కాదు, నీళ్ళల్లో ముంచకపోతే చాలు అని షాపువాడు చెప్పే పంపాడంట, ఆ మాట ఎవరికి గుర్తుంటది? మంగతాయారు మబ్బు వైపు చూసింది, కుండ వైపు తిరిగింది. "కుండమ్మా, పెట్టె తడవకుండా ఆ కోటు కప్పి వెళ్ళమని చెప్పు" అంది.

ఏ పెట్టె? అడగాలంటే నోరు తెరవాలి. ముందు నోరు తెరిచినవాళ్ళు ఓడిపోయినట్టే గదా. పోనీ బెల్లుతో అడుగుదామంటే, 'ఏ పెట్టె' అనే టింగు లేదు. కుండ వైపు చూశాడంట పాపం. కుండేం చెబుతది, బోర్లా పడుకునుంది. పొద్దున్నించీ పొగలో కూర్చుని తీసిన రేకులాయె, వాటి గురించే అయ్యుంటదనుకుని, కోటు తీసి రేకుల పెట్టెకి కప్పి, తాడు బిగించి, తను తువ్వాలు నెత్తికి చుట్టుకుని, టింగని ఒక బెల్లు కొట్టి వెళ్ళిపోయాడు.

కాలవ గట్టు ఎక్కేసరికి వాన అందుకుందంట. బండి మాత్రం బుద్ధిగానే పోయింది, నీళ్ళు చిమ్ముకుంటా. తూము దగ్గర రోడ్డు పల్లం, పిక్కల దాకా నీళ్ళు. అక్కడ దిగి, స్విచ్చి ఆపేసి, రేకుల పెట్టె నెత్తికెత్తుకున్నాడు. ఒక చెయ్యి పెట్టెకి, ఒక చెయ్యి బండికి. ముందు చక్రం గుంటలో దిగి కరెంటు పెట్టె ఒకసారి మునిగి లేచింది, ఈయన చూస్తేగా. అట్టా పెళ్ళింటికి చేరేసరికి మనిషి తడిసి ముద్ద. పెళ్ళికూతురి తల్లి మూత తీసి, ఒక రేకు చెవి దగ్గర పెట్టుకుని కాస్త నలిపితే కరకరమందంట. ఈ వానలో ఇంత పొడిగా ఎట్టా తెచ్చావు నాయనా అందావిడ. ఈయన పొంగిపోయాడు. ఈ మాట ఇంట్లో చెబితే ఇంక మావా అనకేం చేస్తది అనుకున్నాడు. తీరా బండెక్కి స్విచ్చి నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. అదీ అలిగింది. ఇంట్లో ఒకటి, ఇక్కడొకటి.

అరిగిన మోకాళ్ళతో తొక్కలేక, నెట్టుకుంటా, నెట్టుకుంటా తూము దగ్గరికొచ్చాడు. అటునించి ఎవరో గోనెసంచి మడిచి నెత్తిన కప్పుకుని పరుగున వస్తున్నారు. చూస్తే మంగతాయారు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. రేకుల కోసమే పరిగెత్తుకొచ్చిందనుకుని, ఓడితే ఓడాను పోనీ అని ఈయనే ముందు నోరు తెరిచాడంట. "ఒక్క రేకు కూడా తడవలేదు తాయారూ" అన్నాడు. ఆవిడ రేకుల పెట్టె వైపు చూడనే లేదు. ఈయన చేతులు పట్టుకుని, అరచేతులు తిప్పి తిప్పి చూసింది. నెత్తి మీది తువ్వాలు తీసి పిండింది. ఈయన బయల్దేరి సందు మలుపు తిరిగేటప్పుడు చూసిందంట, కోటు ఏ పెట్టె మీదుందో. కేక గొంతు దాకా వచ్చింది, పంతంకొద్దీ మింగేసింది. వాన పెరిగేకొద్దీ ఆ మింగింది కిందకి దిగలేదంట.

"మావా, నేను చెప్పింది కరెంటు పెట్టె గురించి. తడిసి నీకు షాకు కొడతదేమోనని. రేకులదేముంది, పోతే మళ్ళీ తీస్తాను. నిన్ను మళ్ళీ ఏ కుండ మీద తీయను?"

అబ్బులుకి అందులో మొదటి మాట ఒక్కటే వినపడిందంట. వాన హోరుకి వినపళ్ళేదు, ఇంకోసారి చెప్పు అని మొత్తం మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆవిడా మళ్ళీ చెప్పింది, కొంచెం తిట్టు కలిపి. అప్పుడు ఖాళీ పెట్టె విప్పి ఆవిడ చేతికిచ్చి, స్టాండు తుడిచి, కూర్చోమన్నాడు. తడిసిన స్టాండు తడి తువ్వాలుతో తుడిస్తే ఏం ఆరుద్దో ఆయనకే తెలియాలి. ఆవిడ కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. కోటు ఆవిడకి కప్పితే ఆవిడ తీసి ఈయనకి కప్పుద్ది, ఈయన తీసి ఆవిడకి కప్పుతాడు, చివరికి ఇద్దరూ కలిసి దాన్ని కరెంటు పెట్టెకి కప్పి, ఈయన బండి నెట్టుకుంటా, ఇద్దరూ తడుసుకుంటా ఊళ్ళోకొచ్చారు. బండికి కోటేసి మనుషులు తడుస్తున్నారేంట్రా అని ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి చూసిందంట.

బండికేమైందంటారా? రెండ్రోజులు గాలి తగిలేట్టు పెడితే సుబ్బరంగా నడిచింది. ఇప్పుడా ఇంట్లో కోట్లు మూడున్నాయి, ఆవిడకొకటి, ఆయనకొకటి, బండికొకటి. అయినా సరే, మబ్బేస్తే చాలు, మంగతాయారు ఏదో వంక పెట్టి అలిగి కుండ వైపు తిరిగి కూర్చుంటదంట. ఈయన గబగబా రెండు కోట్లు అటక మీద దాచేస్తాడంట. ఎందుకని నన్నడక్కండి, నాకింకా పెళ్ళి కాలేదు. అదిగో, స్తంభం చాటున నవ్వుతుందే సూరమ్మొదిన, ఆవిణ్ణడగండి, గొడుగు చేతిలో ఉండగా మొన్న వాళ్ళాయనతో కలిసి ఎందుకు తడిసొచ్చిందో.