మేస్త్రీ బదులు ఎవరు?

ఏంట్రా మనవడా, కుంటుతున్నావు? నిజంగానేనా, మా మేస్త్రీలాగా దొంగ కుంటుడా? నవ్వకు, కూర్చో చెప్తా. మేస్త్రీ అంటే గోడలు కట్టే మేస్త్రీయే, మా ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్. నేను గోల్‌కీపర్ని. మా కోచ్ ఒక దర్జీ. వాడికి గెలుపంటే పిచ్చి. ఎన్ని గోల్స్ ఎక్కువున్నా సరే, ఒక్కణ్ణి మార్చి చావడు. "కుర్రాళ్ళకి బోలెడు వయసుంది, కూర్చోనీ" అనేవాడు. బెంచీ మీద వాళ్ళేమో బూట్ల లేసులు కట్టుకుని, విప్పుకుని, మళ్ళీ కట్టుకునేసరికి ఆట అయిపోయేది. అది చూస్తే మేస్త్రీకి కడుపు తరుక్కుపోయేది. అందుకని, గెలుపు ఖాయం అనిపించగానే పిక్క పట్టుకుని "అమ్మోయ్" అంటూ కూలబడేవాడు. దర్జీ తిట్టుకుంటూ ఒక కుర్రాణ్ణి దింపేవాడు. మనవాడు కుంటుకుంటూ బయటికి పోతూ నాకేసి కన్నుకొట్టేవాడు. మీ నాయనమ్మ చూసి, "ఈయన్ని నాటకాల్లో చేర్చండి" అనేది. తనకి ఆట తెలీదు గానీ మనుషులు బాగా తెలుసు. సరే, ఎక్కడున్నాం?

ఆఁ. ఎన్నాళ్ళు దాగుతుంది? దర్జీ పసిగట్టేశాడు. ఒకరోజు మేస్త్రీ పడ్డాడు. ఈసారి చెయ్యి పిక్క మీద లేదురా, మోకాలి మీదుంది. నాకు కనిపించింది. నిజంగానే తగిలిందిరోయ్ అని అరిచా. వింటేనా! "లే లే, నా దగ్గరా నీ వేషాలు?" అన్నాడు దర్జీ. జనం ఘొల్లుమన్నారు. మేస్త్రీ కూడా నవ్వుతూనే లేచి చివరిదాకా ఆడాడు. అంతే, ఆ మోకాలు మళ్ళీ పరంజా ఎక్కలేదు.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఒక గది, ఒక మంచం. ఆదివారం ఆట అవగానే చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. "ఇవాళ ఎవణ్ణి దింపాడు? ఎంతసేపు ఆడాడు?" అని అడిగేవాడు. ఫలానావాడు ఆడాడంటే పొంగిపోయేవాడు. ఆ ఫలానావాళ్ళు మాత్రం గుమ్మం తొక్కలేదు. చెడ్డవాళ్ళు కాదురా. ఆడేవాడికి తీరికెక్కడిది? వాళ్ళు ఆడాలనేగా ఈయన అన్నిసార్లు పడింది! ఒకసారి ఏమన్నాడో తెలుసా? "ఒరేయ్, ఎప్పుడూ నువ్వే వస్తున్నావు, అలిసిపోయావు. ఈసారి నీ బదులు కుర్రాళ్ళలో ఎవణ్ణైనా పంపు. కాసేపు కూర్చుని పోతాడు." అది నా అలుపు గురించి కాదురా. నాకు తెలుసు. అందర్నీ అడిగా. "తప్పకుండా అన్నా" అన్నారు అందరూ. మరుసటి ఆదివారం నేను తలుపు తోసేసరికి, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక కుర్చీ తుడిచి పెట్టాడు. "ఎవడ్రా వచ్చింది?" అన్నాడు, మొహం ఇంత చేసుకుని. నేనేరా అన్నా. "ఓ, నువ్వా... రా, రా, కూర్చో" అన్నాడు. నేను మాత్రం ఆ కుర్చీలో కూర్చోలేకపోయా.

...ఏంటి, లేస్తున్నావు? ఆ కాలేసుకుని ఎక్కడికిరా? కాసేపుండు. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు.