వెనకవరస గొంతుపై జాయింటు నోటు

నవంబరు తొమ్మిది, శనివారం. ఖరగ్‌పూర్, తాల్‌బగీచాలో కీర్తిశేషుడు ప్రేమ్‌కుమార్ ఇల్లు. హాజరైనవారు: ఆయన భార్య రెబెక్కా; అన్న ఆమోసు (రిటైరైన గూడ్సు గార్డు, చర్చి క్వయరుకు నాయకుడు); మేనల్లుడు సిరిల్ (చర్చిలో మైకులు చూసేవాడు). జ్ఞాపకార్థ కూడిక మరునాడు.

“జాయింటు నోటు లేకుండా ఏదీ తేలదమ్మా రెబెక్కా. బండి పట్టాలు దిగితే రైల్వేలో ముందు ఏటి సేస్తారు? అన్ని డిపార్ట్‌మెంట్లోళ్లూ కూకుని నోటు రాసి సంతకాలు పెడతారు.”

“బండిలో ఎవరు పోయినారో సూడరా బావగారూ?”

“అది తరవాత. ముందు నోటు. రాయి సిరిలూ. ‘ప్రమాదం’ అని రాయకు, ‘సంఘటన’ అను.”

“నేనడిగింది ఒక్కటే. మీ ప్రేమ్ మావయ్య పాడిన క్రిస్మస్ కేరల్సు పాట మన చర్చి యూట్యూబు ఛానల్లోంచి దించి, రేపు కూడికలో వినిపించమన్నాను. ఆయన గొంతు మరెక్కడా లేదు నాయినా, మంచి క్వాలిటీలో దించు అన్నాను. అంతే కదా?”

“అంతే అత్తా. అలాగే దించినాను. వీడియో అంతా కాదు, దానిలో సౌండు ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు.”

“క్వాలిటీ మూడొందల ఇరవై కేబీలో దించమన్నాను నేను. వీడు వినలేదు. అదీ నోటులో రాయి.”

“మావయ్యా, ఆ వీడియోలో ఉన్న సౌండే నూట ఇరవై ఎనిమిది. దాన్ని మూడొందల ఇరవై చేస్తే సంచీ పెద్దదవుతుంది, బియ్యం పెరగవు. పైగా సంచీ మార్చినప్పుడల్లా కొన్ని ఒలికిపోతాయి. అందుకే ముట్టుకోకుండా దించాలి.”

“ముట్టుకోకుండా?”

“అవునత్తా.”

“మరి ముట్టుకున్నావేటి?”

“అది... మావయ్య విన్నారు. వెనక ఒక గొంతు శ్రుతి తప్పి బేసురాగా ఉందన్నారు. కూడికకి పాస్టరుగారొస్తారు, సాలువా నుంచి కూడా జనం వస్తారు, బాగుండదని... కంప్యూటర్లో ఆ గొంతొక్కటీ వేరుచేసి తీసేసినాను.”

“ఉన్నమాటే సెప్పినాను. నా తమ్ముడే, కాదన్ను. కానీ పాట దగ్గర మాత్రం వాడి గొంతు ఎత్తు ఎక్కలేని డీజిలింజనే. నా క్వయర్లో వాణ్ని ఇన్నేళ్లు ఎలా మోసినానో దేవుడికి తెలుసు.”

“అందుకని తీసేయించినారు.”

“పాట బాగు కోసం.”

“ఆయన జ్ఞాపకార్థం పాట! అందులో అందరూ ఉన్నారు, ఆయనొక్కడే లేడు. పాత వీడియో ఏదీ సిరిలూ?”

“ఛానల్లో ఉన్నదాని మీద కొత్తది పెట్టడం కుదరదత్తా. పాతది తీసేసి, కొత్తది వేరేగా ఎక్కించాలి. మావయ్య తీసేయమన్నారు.”

“నువ్వు దించుకున్నది?”

“రెండూ ఉంటే రేపు పొరపాటున పాతదే మోగుతుందని... మావయ్యే...”

“అన్నీ మావయ్యే! నీ బుర్ర కూడా ఆయనే తీసేయమన్నాడేటి?”

“ఠీక్ హై, ఠీక్ హై. తగవులొద్దు. రాయి సిరిలూ: ‘వెనకవరసలో వినిపించిన సదరు గొంతు శ్రుతికి విరుద్ధముగా నుండి, గానమునకు భంగకరమైనందున, దానిని తొలగించుట సముచితమనియు, తత్ఫలితముగా పాట నాణ్యత మిక్కిలి మెరుగుపడినదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ ఇలా తే. ఇదిగో, ఆమోసు, రిటైర్డు గార్డు. నువ్వూ పెట్టు. ఆఁ. రెబెక్కా, నీ సంతకం.”

“ముందు పాట వినిపించు సిరిలూ.”

“నువ్వింకా వినలేదా?”

“ఆయన లేని పాట ఏటి వింటాను? ఇప్పుడు వింటాను. పెట్టు.”

“పెట్టినానత్తా.”

“సూసినావా! ముందు గొంతు నాదే. అద్దంలాగ—”

“ఉష్, మాటాడకండి. సిరిలూ, కొంచెం వెనక్కి. చరణం ముందు. మళ్లీ పెట్టు. ఆ ఊపిరి విన్నావా? ముక్కులో సన్నగా ఈలలాగ?”

“అది నా ఊపిరమ్మా.”

“ఆవేళ వీడియో తీసిన ఫోను ఎవరు పట్టుకున్నారు బావగారూ?”

“ప్రేమే. నేనే వాణ్ని వరసలోంచి లాగి, ఫోను చేతికిచ్చి ముందర నిలబెట్టినాను. పాట పాడవకుండా.”

“నిలబడి ఊరుకున్నారా?”

“ఊరుకుంటాడా! ఫోను పట్టుకునే పాడేసినాడు.”

“మరి ఫోనుకి అందరికన్నా దగ్గర గొంతు ఎవరిది?”

“పట్టుకున్నోడిదే...”

“మీరెక్కడ నిలబడినారు?”

“నేనెప్పుడూ వెనకే కదా. గార్డు జాగా ఆఖర్నే. ఆఖర్న...”

“వెనకవరసలో మిగతా అందరూ ఆడోళ్లే. తీసేసిన ఆ మగగొంతు ఇంకెవరిది బావగారూ?”

“ఏటిరా సిరిలూ, నువ్వు తీసేసింది నా గొంతేటి?”

“అన్నదమ్ముల గొంతులు కదా మావయ్యా, నేనూ పోల్చుకోలేదు. పైగా రికార్డులో ఎవరి గొంతు వాళ్లకే కొత్తగా ఉంటుంది. అందరికీ అంతే...”

“నోరుముయ్యి! పాతది వెతుకు. ఎక్కడో ఉంటాది. నా గొంతు మరెక్కడా లేదురా!”

“మీరే కదా తీసేయమన్నారు.”

“ఆ నోటు ఇలా తే. సింపేస్తాను.”

“ఆగండి బావగారూ. సిరిలూ, పెన్నియ్యి. ఇదిగో, నేనూ సంతకం పెట్టినాను. మడిచి నా పాటల పుస్తకంలో పెట్టేసినాను. రేపు కూడికలో ముందు పాస్టరుగారి చేత నోటు సదివిద్దాం. తరవాత మా ఆయన పాట విందాం.”