పొగమంచులో ఎదురొచ్చిన ట్రాము

ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు, గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా అనలేదు: మూడు వారాల కిందట, మంగళవారం సాయంత్రం నాలుగింటికి, కర్ర లేకుండా ఒంటి పట్టాల మీదికి ట్రాము తోలింది నేనే.

కర్ర అంటే ఏమిటో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. స్మశానం నుంచి చక్కెర మిల్లు దాకా మా లైనులో ఒకటే పట్టాల జత. రెండు కొసల్లోనూ ట్రాములు తప్పుకునే చోట్లున్నాయి. మధ్యలోకి వెళ్ళాలంటే ఇత్తడి పొన్నులు వేసిన మూరెడు కర్ర చేతిలో ఉండాలి. ఉన్నది ఒక్కటే కర్ర; ఒకే వైపుకి రెండు బళ్ళు వరసగా వెళ్తే అది వెనకదాని దగ్గర ఉంటుంది. అవతలి నుంచి వచ్చిన డ్రైవరు మన కిటికీలోకి అందిస్తాడు, మనం మోకాలి పక్కనున్న కొక్కేనికి తగిలించుకుని బయల్దేరతాం. ఎర్రదీపాలు, పచ్చదీపాలు పెట్టారు గానీ ప్రతి శీతాకాలమూ ద్రావా నది చెమ్మకి అవి చచ్చిపోతాయి. మళ్ళీ కర్రే దిక్కు.

ఆరోజు స్మశానం దగ్గర దిగి, పట్టాల గాడిలో కుళ్ళిన ఆకులు ఊడుస్తున్నాను. నాది షెడ్డుకి పోయే ఖాళీ బండి. పొగమంచులో ఒక ట్రాము నన్ను దాటుకుని వెళ్ళింది. డ్రైవరు సీట్లో లేకపోతే కర్ర కిటికీలోంచి కొక్కేనికి తగిలించి పోవడం మా అలవాటు. ఎక్కి కూర్చుని చూడకుండానే చెయ్యి పెట్టాను. చేతికి చెక్క తగిలింది. బయల్దేరాను.

అది బండెక్కుతూ పరధ్యానంలో నేనే తగిలించిన చీపురు. దాటిపోయినవాడు కర్ర ఇవ్వలేదు. 'వెనక ఇంకోటి వస్తోంది, కర్ర దాని దగ్గరుంది' అని రెండు వేళ్ళు చూపించాడట. మంచులో నేను చూస్తేగా.

ఆ వెనక వస్తున్నది ఫ్రాన్యో బండి, షెడ్డులో మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్ద డ్రైవరు.

రెండు పసుప్పచ్చటి దీపాలు నా మీదికి వచ్చాయి. ఎలాగో ఆగాను. ఆయనా ఆగాడు. ఆయన బండిలో ముసలావిడ ఒకావిడ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేనేం చేశానంటే, దీపాలన్నీ ఆర్పేశాను. వెనక కొసకి పరిగెత్తి, అక్కడున్న చిన్న పిడితో బండిని వెనక్కి తోలుకుంటూ వచ్చి, మొదలెట్టిన చోటే నిలబెట్టాను. కంట్రోలు వాళ్ళు రేడియోలో "దూన్యా, ఎక్కడున్నావు?" అనడిగితే, "స్మశానం దగ్గరే, కర్ర కోసం చూస్తున్నా" అన్నాను. గొంతు వణకలేదు. అదే నాకిప్పటికీ భయం.

ఎదురుగా ట్రాము వచ్చిందని ఫ్రాన్యో బాబాయ్ చెప్పాడు. రావడానికి ఏ ట్రామూ లేదని కాయితాలు చెప్పాయి. 'ఏమీ లేని చోట బ్రేకు వేశాడు' అని రాసుకున్నారు. కళ్ళ డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు, అందుకని తల చూపించమన్నారు. రేపు పదింటికి విచారణ సంఘం తేలుస్తుంది. తేల్చేదేముంది, ముప్పై ఒక్క ఏళ్ళు తోలినవాణ్ణి దించేసి షెడ్డులో బళ్ళు కడగమంటారు.

ఇవాళ మధ్యాహ్నం డ్యూటీ దిగి, లైను చివర రూజిత్స కొట్టు దగ్గరికి వెళ్ళాను. రమ్ము చుక్క వేసిన టీ, వేడి సాసేజీ అక్కడే దొరుకుతాయి. బయట మళ్ళీ అదే మంచు. లోపల బాబాయ్ తన కథ అందుకున్నాడు. షెడ్డులో బళ్ళు బాగుచేసే జ్వోంకో, కొట్టు రూజిత్స, నలభయ్యేళ్ళు పట్టాలు మార్చి రిటైరైన అగాతా అత్త, అందరూ ఆయన చుట్టూనే.

"నేను చేసిందేం లేదురా, చాలా చిన్న పని. పదిహేడు టన్నుల బండిని తడి ఆకుల మీద ఎనిమిది అడుగుల్లో ఆపాను. అంతే. కుడిచేత్తో బ్రేకు, ఎడంచేతిలో కాఫీ. చుక్క తొణికిందేమో అడుగు."

"ఎవర్ని అడగను? కాఫీనా?" అన్నాడు జ్వోంకో.

"నీ మొహం. విను. మంచు ఎలా ఉందంటే, వైపరు తుడిస్తే ముద్దలు ముద్దలుగా కింద పడుతోంది. నా మోకాలి పక్కన కర్ర ఉంది. కర్ర ఎవడిదో పట్టాలు వాడివి, అవునా? అట్లాంటిది, ఎదురుగా నల్లగా ఒకటి లేచింది. దీపం లేదు, చప్పుడు లేదు. ముప్పై అడుగుల దూరంలో నిలబడింది."

ఇంతవరకూ నిజమే, మంచులో నా దీపాలు ఆయనకి కనబడనట్టుంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను.

"నేనూ అందరిలాగే మనవాళ్ళ బండేమో అనుకున్నాను. తర్వాత ఏమైందో తెలుసా? ముందున్నది బండి కాదు, గుర్రాలు! జత గుర్రాలు. నా అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డాయి. అంత చలిలో, రూజిత్సా, అద్దం మీద ఆవిరి పట్టలేదమ్మా. వాటికి ఊపిరి లేదు."

"అమ్మో, ఆపు బాబాయ్, కొట్టు మూసుకుని ఒక్కదాన్నే ఇంటికెళ్ళాలి నేను," అంది రూజిత్స.

"ఎలా ఆపను? గుర్రాలు లాగిన కాలంలో మా తాత మార్టిన్ ఈ లైనులోనే తోలాడు. బ్రేకు గొలుసులో పడి ఆయన ఉంగరం వేలు తెగింది. నా అద్దంలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. అద్దం పగల్లేదు, చెయ్యి వచ్చింది. బారెడు, రెండు బారలు, ఇంకా వస్తూనే ఉంది. కర్ర ఇమ్మని వేళ్ళు ఆడించింది. లెక్కపెట్టాను. నాలుగే వేళ్ళు."

ఎవరూ నవ్వలేదు. బయట ఏదో ట్రాము మలుపు తిరుగుతూ కీచుమంది. జ్వోంకో తలుపు వైపు చూశాడు.

"ఇచ్చావా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"కర్ర ఎలా ఇస్తానురా, బుద్ధుందా? తాతైనా సరే, తప్పుకునే చోటు రాకుండా కర్ర చెయ్యి మారకూడదు. 'తాతా, కావాలంటే నన్ను తీసుకెళ్ళు, కర్ర మాత్రం నాతోనే ఉంటుంది' అన్నాను. ఒక్క గుంజు గుంజాడు, వెళ్ళి ఆ బండిలో పడ్డాను. లోపల జనం కిటకిట. అందరూ వెనక్కి తిరిగి కూర్చున్నారు. మిల్లు కూలీలు, కనురెప్పల మీద చక్కెర పొడి పేరుకుని రెప్ప వెయ్యలేకపోతున్నారు. యుద్ధకాలంలో టిక్కెట్లు కొట్టిన ఆడపిల్లలు ఉన్నారు చూడు, టోపీలు పెట్టుకుని, వాళ్ళలో ఒకమ్మాయి వచ్చి నా చేతిలో టిక్కెట్టు పెట్టింది. పాతకాలపు టిక్కెట్టు, గుర్రం బొమ్మది. తేదీ చూశాను. ఆరోజు తేదీయే! నా పేరు కూడా వేసి ఉంది. దిగే చోటు రాసే దగ్గర మాత్రం ఖాళీ."

"ఏదీ, చూపించు," అన్నాడు జ్వోంకో.

"చెమ్మకి కరిగిపోయిందిరా, చక్కెరతో చేసిన టిక్కెట్టు కదా! ఇంక బండి కదిలింది. పీకేసిన పట్టాలున్నాయే, గుర్రాల సంత దాకా వెళ్ళే లైను, కోట లోపలి లైను, మా నాన్న కుర్రతనంలోనే తవ్వి పారేసిన లైను, అవన్నీ తారు కిందినుంచి పైకి లేచి మా ముందు పరుచుకుంటున్నాయి. ఎప్పుడో కూలగొట్టిన స్టాపుల్లో మనుషులు నిలబడి ఉన్నారు, చెయ్యెత్తుతున్నారు. ఆపమన్నాను, తాత ఆపడు. తిన్నగా ద్రావాలోకి దించేశాడు. నది అడుగున పట్టాలు, ఈ కొస నుంచి ఆ కొసకి! ఒక్కో వాలుగ చేప ఈ కొట్టంత ఉంది, కిటికీల్లోంచి తొంగి చూస్తూ మా వెంటే వస్తున్నాయి. అలా నీళ్ళ అడుగునే వియన్నా వెళ్ళాం, చక్రవర్తి గుమ్మం ముందు గుర్రాలకి దాణా పెట్టాం, తిరిగొచ్చాం. వాచీ చూసుకుంటే నాలుగు నిమిషాలు. కాఫీ ఇంకా వేడిగానే ఉంది."

"చక్రవర్తి ఏమన్నాడు?"

"'ఫ్రాన్యో, మీ లైనులో టైముకి నడిపేది నువ్వొక్కడివే' అన్నాడు."

అందరూ గొల్లుమన్నారు. బాబాయ్ కూడా నవ్వాడు. మూడు వారాల్లో ఈ కథ నేను నాలుగుసార్లు విన్నాను. మొదటిసారి అందులో దీపాల్లేని బండి తప్ప ఏమీ లేదు. అది నమ్మినవాళ్ళు లేకపోయారు. రెండోసారి గుర్రాలొచ్చాయి, మూడోసారి చెయ్యి వచ్చింది. నమ్మకపోయినా కనీసం కూర్చుని వింటున్నారు.

"ఆఖర్న నన్ను నా సీట్లో దింపాడు. మళ్ళీ ముప్పై అడుగుల దూరంలో నల్లగా నిలబడ్డాడు. వెళ్ళిపోతూ గంట కొట్టాడర్రా. టంగ్... టంగ్... టంగ్. మూడే మూడు. చచ్చినవాళ్ళకి కొట్టే గంట. మా నాన్న పోయినప్పుడు చర్చిలో విన్నాను, మళ్ళీ ఆరోజే విన్నాను. నాకు పిలుపొచ్చిందన్నమాట. ఈ శీతాకాలం దాటను నేను."

రూజిత్స శిలువ గుర్తు వేసుకుంది. అగాతా అత్త మాత్రం సాసేజీ నములుతూనే అడిగింది.

"ఎన్ని గంటలు కొట్టాడన్నావు?"

"మూడు, అక్కా."

"సమానంగానా?"

"సమానంగా. చెవుల్లో ఇంకా మోగుతున్నాయి."

"ఒరే ఫ్రాన్యో, నలభయ్యేళ్ళు పట్టాల పక్కన నిలబడ్డాను. ఒకటి కొడితే ఆగుతున్నా, రెండు కొడితే వెళ్తున్నా, మూడు కొడితే వెనక్కి వస్తున్నా. చచ్చినవాళ్ళకి కాదురా, వెనక ఎవడైనా బతికున్నవాడుంటే తప్పుకోవడానికి. గుర్రం బండికి గంటెక్కడిది, మీ తాత ఈల వేసేవాడు. మీ తాతకి కరెంటు బళ్ళ రూలుబుక్కు ఎవరిచ్చారు?" మూతి తుడుచుకుంది. "ఆ గంట కొట్టింది మన షెడ్డులో జీతం తీసుకునే చెయ్యి. నువ్వు చూసింది బండే. అందులో ఉంది మనిషే."

జ్వోంకో పకాలున నవ్వాడు. "అయిపోయింది! తాతగారు రిటైరయ్యారు!"

ఆ గంట నాకు గుర్తే లేదు. ఎవరికీ కనబడకూడదని దీపాలార్పి, ఊపిరి బిగబట్టి పారిపోతూ, అలవాటుకొద్దీ మూడుసార్లు గంట కొట్టాను. ఆరు నెలలే అయింది ఉద్యోగంలో చేరి, అప్పుడే చెయ్యి నన్నడక్కుండా రూలు పాటించింది.

బాబాయ్ నవ్వలేదు. ఆయన ముఖంలో సంతోషం వస్తుందనుకున్నాను. పిచ్చి కాదని తేలింది కదా, పిలుపూ కాదని తేలింది కదా. ఆయన ఎవరితోనో కాదు, అగాతా అత్తతోనే అన్నాడు:

"కాదక్కా. మనిషైతే ఇన్నాళ్ళు నోరు మూసుకుని ఉంటాడా? విచారణ నోటీసులో నా పేరు రాసి షెడ్డు గోడకి అతికించారు, ఆ గోడ ముందునుంచే అందరూ డ్యూటీకి వెళ్తున్నారు. మనవాళ్ళు అలా చెయ్యరక్కా. దెయ్యమే అయ్యుంటుంది."

ఆయన టోపీ పెట్టుకుని లేచాడు. నా పక్కనుంచి వెళ్తూ, "అమ్మాయ్, స్మశానం దగ్గర జాగ్రత్త, ఆ ఆకులు జారతాయి," అన్నాడు. మంచులో నాలుగడుగులు వేశాడో లేదో, కనబడకుండా పోయాడు.

ఇంటికొచ్చి ఇదంతా రాస్తూ కూర్చున్నాను. ఇప్పటికి చాలాసార్లు రాశాను, రాసి చించాను. రాసుకుంటే చెప్పినట్టే అనుకునేదాన్ని. కానీ బాబాయ్ మనసులో ఇప్పుడు రెండే దారులున్నాయి: తనకి చావు పిలుపొచ్చిందనుకోవాలి, లేదా తనవాళ్ళలో ఒకరు తనని ముంచారనుకోవాలి. ఆయన మొదటిదే నమ్ముదామని నిశ్చయించుకున్నాడు. మా మీద గౌరవం నిలుపుకోవడానికి చచ్చిపోవడానికైనా సిద్ధపడ్డాడు. అది నేను చూస్తూ కూర్చోలేను.

సంఘంలోని ఇంజనీరు గారికి రేపు తొమ్మిదింటికల్లా కాయితం మీద రాసిస్తాను, సంతకంతో. మణికట్టు విరిగినావిడ ఇల్లు కనుక్కుని వెళ్తాను. ఉద్యోగం పోతుంది, పోనీ. కానీ ఆ కాయితం ఎవరో చదివి వినిపిస్తే ఆయన వినకూడదు. ముందు నా నోటినుంచి వినాలి.

ఏడున్నరైంది. ఈ పాటికి సూపు తాగేసి వార్తలు చూస్తుంటాడు. వాళ్ళింటి నంబరు డ్యూటీ చీటీ వెనక ఎప్పుడో రాసుకున్నాను. ఆయనే ఎత్తుతాడు, నా గొంతు వినగానే నవ్వించడానికి ఏదో ఒక కోత మొదలెడతాడు. ఈసారి మొదలెట్టనివ్వను. ఫ్రాన్యో బాబాయికి ఫోన్ చేస్తున్నాను.