పక్క పరుపు మీది ఊపిరి

బెప్పు ఊళ్ళో వేడినీటి బుగ్గ పక్కనున్న సత్రంలో, ముసురు పట్టిన మధ్యాహ్నం, ఒకామె పరుపు మీద బోర్లా పడుకుంది. సత్రంవాళ్ళు పిలిపించిన మర్దన అవ్వకు చూపు లేదు. అవ్వ బొటనవేళ్ళు వెన్ను వెంబడి దారి వెతుక్కుంటున్నాయి.

"నీ భుజాలేంటి తల్లీ, ఎండబెట్టిన చేప చెక్కల్లా గట్టిపడిపోయాయి. పులుసులోకి తురుముకోవచ్చు."

"అందుకేగా నిన్ను పిలిపించింది. గట్టిగా నొక్కు అవ్వా."

"నువ్వు ఊపిరి వదిలినప్పుడే నేను నొక్కాలి. నువ్వేమో వదలడమే లేదు. నొప్పెడుతోందా?"

"లేదు."

"మళ్ళీ బిగబట్టావు. ఎవరి కోసమో చెవి ఒగ్గినట్టున్నావు."



"మా ఆయన కోసం. గుండెజబ్బు మనిషి. రాత్రుళ్ళు పక్క పరుపు మీద ఆయనకి ఊపిరి ఆడుతోందో లేదో వినాలంటే నాది ఆపుకోవాలి. అదే అలవాటైపోయింది."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"మొన్న చలికాలంలో పోయాడు."

"అయ్యో. మరింకా ఎందుకమ్మా ఆపుకోవడం?"

"ఒక్క రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. ఆ రాత్రే పోయాడు."

అవ్వ చేతులు ఆగాయి గాని, వీపు మీద నుంచి లేవలేదు.

"ఈ పూటకి నేను వింటాను. నాకున్నవి చెవులే కదా. నువ్వు వదులు."

ఆమె వదిలింది. ఆ ఊపిరి మధ్యలో తెగి, వణికి, చాలాసేపటికి పూర్తిగా బయటికొచ్చింది. బొటనవేళ్ళు లోపలికి దిగాయి.

"ఏమైనా వినబడిందా అవ్వా?"

"నీదొక్కటే తల్లీ."